ఫిట్ అంటే దేనికి ఫిట్?

గోదావరిఖని చౌరస్తాలో షిఫ్టు మారే వేళ టీ కొట్టు దగ్గర నిలబడితే 'ఫిట్' అనే ఇంగ్లీషు మాట ఎన్ని వేషాలు కడుతుందో వినొచ్చు. "మా చిన్నోనికి ఐటీఐల ఫిట్టర్ సీటొచ్చింది" అంటాడు ఒకాయన. "సిక్‌ల ఉన్న, ఎల్లుండి ఫిట్ తెచ్చుకొని డ్యూటీ ఎక్కుత" అంటాడు పక్కాయన. "కొత్తగూడెం బోర్డుకు పోయిండు. అన్‌ఫిట్ అయితడనుకుంటే సర్ఫేస్ ఫిట్ ఇచ్చి పంపిండ్రు" అని ఇంకెవరి గురించో మూడో మనిషి చెప్తాడు. "ఓవర్‌మన్ దగ్గర నాకు ఎవడో ఫిట్టింగ్ పెట్టిండు" అని నాలుగో గొంతు.

నాలుగు చోట్లా ఉన్నది ఒకే మాట. ఒకరికి అది చదువు, ఒకరికి జీతం, ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి చాడీ.

బొగ్గు పట్టీకి ఇంగ్లీషు నిన్న మొన్న వచ్చింది కాదు. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని 1871లో బయటపెట్టింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్. 1886లో తవ్వకం హక్కులు తీసుకున్నది ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ. 1920 డిసెంబరు 23న అదే సింగరేణి కాలరీస్ అయింది. దొరలతో పాటు ఇంక్లయిన్, హాలేజ్, టబ్బు, మస్టర్ లాంటి మాటలన్నీ బాయిలోకి, అంటే గనిలోకి, దిగి మనవైపోయాయి. ఎయిట్ ఇంక్లయిన్ కాస్తా యైటింక్లయిన్ కాలనీ అయి బస్సు బోర్డు మీదికెక్కింది. వీటిలో చాలా మాటలతో పేచీ లేదు. టబ్బు అంటే టబ్బే. 'ఫిట్' మాత్రం అలా కాదు. దాన్ని సగం అర్థం చేసుకుని సంతకం పెడితే నెల జీతం పోవచ్చు, ఏళ్ల తరబడి తిరిగినా దొరకని హక్కు చేజారొచ్చు.

అసలు ఇంగ్లీషులో దీని మూలార్థం 'సరిపోవడం'. చొక్కా సరిపోయింది, తాళానికి చెవి సరిపోయింది, మనిషి పనికి సరిపోయాడు. బలం, కండ, ఆరోగ్యం అన్న అర్థాలు తర్వాత చేరాయి. 'సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్' అన్న మాటను మన వక్తలు 'బలవంతుడిదే రాజ్యం' అని చెప్పేస్తుంటారు. 1864లో ఆ మాటను వాడుకలోకి తెచ్చిన హెర్బర్ట్ స్పెన్సర్ లెక్కలో గానీ, ఆయన నుంచి దాన్ని తీసుకున్న డార్విన్ లెక్కలో గానీ ఫిట్టెస్ట్ అంటే ఉన్న పరిస్థితికి బాగా సరిపోయినవాడు. పరిస్థితి మారితే ఫిట్టెస్ట్ కూడా మారతాడు. మనకు కావలసిన కీలకం ఇక్కడే ఉంది. ఫిట్ అనేది ఒంటరి మాట కాదు, దాని వెనక ఎప్పుడూ 'దేనికి' అన్న ప్రశ్న ఉంటుంది. డాక్టరు గాని, క్లర్కు గాని, హెచ్ఆర్ గాని ఆ మాట అన్నప్పుడు మూడు సంగతులు తెలుసుకోకుండా అక్కడి నుంచి కదలొద్దు. దేనికి ఫిట్? ఎప్పటి వరకు? ఏ కాగితం మీద?

లారీ వాళ్లకు ఈ తెలివి ఎప్పుడో వచ్చింది. బండికి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఉందంటే చాలదు, దాని మీద గడువు తేదీ చూస్తారు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏడాదికోసారి ఎఫ్‌సీ చేయించాల్సిందే. బొగ్గు లారీ నడిపే డ్రైవరు తన బండి ఎఫ్‌సీ ఏ నెలలో అయిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆయన్నే పట్టుకుని "నీ వైద్య పరీక్ష (పీఎంఈ) ఎప్పుడయిందన్నా?" అంటే తల గోక్కుంటాడు.

ఉద్యోగంలో చేరేటప్పటి సంగతి ముందు చూద్దాం. గనిలో పనికి దిగే ప్రతి మనిషికీ మొదట వైద్య పరీక్ష జరగాలని మైన్స్ రూల్స్ 1955 చెప్తున్నాయి. దీన్నే బాయిల మీద ఐఎంఈ అంటారు. అందులో పాసైతే వచ్చేది ఫామ్ ఓ. పర్మినెంటు కార్మికుడికి ఎంత అవసరమో, ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కాంట్రాక్టు కంపెనీ డ్రైవరుకూ, హెల్పరుకూ ఇది అంతే అవసరం. కాంట్రాక్టు తమ్ముళ్లకు ఒక మాట: మీ ఫామ్ ఓ కాంట్రాక్టరు ఆఫీసు బీరువాలోనే ఉండిపోతుంది. కాంట్రాక్టరు మారితే బీరువా కూడా పోతుంది. చేరిన రోజే దాన్ని ఫోన్లో ఫొటో తీసుకోండి, జిరాక్సు ఇంట్లో పెట్టుకోండి. పదేళ్ల తర్వాత చెవుడో ఆయాసమో వస్తే, పనిలో చేరేనాటికి నా చెవులు, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని చెప్పే సాక్ష్యం ఆ ఒక్క కాగితమే.

ఇలాంటి పరీక్షలప్పుడు ఆరోగ్య ఫారం నింపేవాళ్లు ఒకచోట జాగ్రత్తగా ఉండాలి. ఇంగ్లీషు ఫారాల్లో 'ఎనీ హిస్టరీ ఆఫ్ ఫిట్స్' అని ఒక ప్రశ్న ఉంటుంది. అక్కడ ఫిట్స్ అంటే మూర్ఛ. ఫిట్‌గా ఉన్నావా అని అడుగుతున్నారనుకుని కుర్రాడు ఉత్సాహంగా 'ఎస్' కొడితే, భూగర్భంలోనూ యంత్రం మీదా పనికి అదే పెద్ద అడ్డంకి అవుతుంది. తిరిగి దిద్దించుకోవడానికి నానా తిప్పలు పడాలి. ఒక్క 'స్' తేడాతో అర్థం తలకిందులవుతుంది. ఫారంలో అర్థం కాని ప్రశ్న ఉంటే కంపౌండరును అడగడంలో చిన్నతనమేమీ లేదు. "సార్, ఈడ ఫిట్స్ అంటే మూర్ఛ రోగమేనా?" అని అడిగి రాయండి. నిజంగా మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం దాచొద్దు. హాలేజ్ దగ్గర మూర్ఛ వస్తే పోయేది మీ ఒక్క ప్రాణమే కాదు.

ఇక పీఎంఈ, అంటే అయిదేళ్లు మించకుండా ఒకసారి జరగాల్సిన వైద్య పరీక్ష. మన దగ్గర చాలామంది దీన్ని ఒక రోజు బాయి దిగకుండా గడిపే అవకాశంగా చూస్తారు. ఛాతీ ఎక్స్‌రే, చూపు, వినికిడి, ఊపిరి పరీక్ష, రక్తం, మూత్రం, బీపీ అన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. చివర ఒక ముద్ర పడుతుంది, 'ఫిట్' అని. ముద్ర చూసి ఊపిరి పీల్చుకుంటారు తప్ప లోపలి అంకెలు ఎవరూ చూడరు. అసలు విలువంతా ఆ అంకెల్లోనే ఉంది. 2016లో ఊదిన లెక్క ఎంత, 2021లో ఎంత, ఇప్పుడెంత? మూడు సార్లూ 'ఫిట్' అనే ఉండొచ్చు. అంకె మాత్రం ప్రతిసారీ తగ్గుతూ ఉంటే మీ ఊపిరితిత్తులు ఏదో చెప్తున్నాయన్నమాట. ఫిట్ అనేది గీత దాటలేదని చెప్తుంది, గీతకు ఎంత దగ్గరికి వచ్చారో చెప్పదు. రిపోర్టు కాపీ అడిగి తెచ్చుకోండి.

ఊపిరి పరీక్ష సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అందులో మనవాళ్లు చేసే పొరపాట్లు ఎక్కువ. గొట్టం చేతికిస్తారు. దాన్ని పళ్ల మధ్య పెట్టి పెదాలు చుట్టూ బిగించాలి, గాలి పక్కల నుంచి పోకూడదు. ముక్కుకు క్లిప్పు పెడతారు. ఛాతీ నిండా గాలి పీల్చి, ఒక్క ఉదుటున బలంగా ఊదాలి. ఊదడం మొదలుపెట్టాక ఆపకూడదు. కనీసం ఆరు సెకన్లు, లోపల ఇంక గాలి లేదనిపించేదాకా ఊదుతూనే ఉండాలి. బుగ్గలు ఉబ్బించి ఫూ అని దీపం ఆర్పినట్టు ఊది వదిలేస్తే అంకె తప్పు వస్తుంది. ఆ తప్పుడు అంకె తర్వాతి పరీక్ష దాకా మీ ఫైలులో ఉంటుంది. మూడుసార్లు ఊదిస్తారు, మూడూ దగ్గర దగ్గరగా వస్తేనే పరీక్ష సరిగా జరిగినట్టు. దానికి ముందు కడుపు నిండా తినొద్దు, గంట ముందు నుంచి సిగరెట్టు, బీడీ ముట్టొద్దు.

వినికిడి పరీక్షకూ ఇలాంటి కిటుకే ఉంది. రాత్రంతా డ్రిల్లు పక్కన పనిచేసి, నైట్ షిఫ్టు దిగి, చెవుల్లో ఇంకా గుయ్యిమంటుండగా నేరుగా పరీక్షకు పోతే చెవి తాత్కాలికంగా మందగించి ఉంటుంది. ఉన్నదాని కంటే ఎక్కువ చెవుడు రాస్తారు. విశ్రాంతి దినం మర్నాడు పరీక్ష పడేలా అడిగి చూడండి. కళ్లద్దాలుంటే వెంట తీసుకుపోండి. బీపీ, షుగరు మాత్రలు వాడేవాళ్లు పరీక్ష రోజని మానేయకండి, వాడుతున్నట్టు చెప్పండి. మాత్రతో అదుపులో ఉన్న బీపీతో వచ్చే చిక్కు కంటే, దాచిపెట్టి బాయిలో కళ్లు తిరిగి పడిపోతే వచ్చే చిక్కు చాలా పెద్దది.

సిక్, ఫిట్ అనే జంట మాటలు మన దగ్గర విడదీయరానివి. జ్వరమో దెబ్బో తగిలి ఏరియా ఆసుపత్రికి పోతే 'సిక్' రాస్తారు. తగ్గాక 'ఫిట్' రాయించుకుని టైమ్ ఆఫీసులో ఇస్తేనే మళ్లీ డ్యూటీ. ఫిట్ తేదీకీ డ్యూటీ ఎక్కే రోజుకీ మధ్య ఒక్క పనిదినం ఖాళీ ఉన్నా అది ఆబ్సెంటు కింద పడుతుంది. శనివారం సాయంత్రం ఫిట్ తీసుకుని, ఆదివారం ఇంట్లో ఉండి, సోమవారం కాస్త ఒళ్లు బాగాలేదని మంగళవారం పోతే, ఆ సోమవారానికి జవాబు చెప్పాల్సింది మీరే. ఏడాదికి వంద మస్టర్లు (హాజరు రోజులు) దాటని వాళ్లకు చార్జిషీట్లు, కౌన్సెలింగులు సింగరేణిలో పాత సంగతే. సిక్‌లో ఉన్నాను సార్ అని నోటితో చెప్తే ఎంక్వయిరీ ఆఫీసరు రాసుకోడు. కాగితం ఉండాలి. కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ప్రైవేటు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, చేరిన రోజే ఇంట్లోవాళ్ల చేత టైమ్ ఆఫీసుకూ ఏరియా ఆసుపత్రికీ రాతపూర్వకంగా కబురు చేయించండి. డిశ్చార్జి తర్వాత కట్టగట్టి ఇద్దామనుకుంటే ఆలస్యమవుతుంది.

సెలవు చీటీ ఇంగ్లీషులో రాసేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి కొందరు 'ఐ యామ్ అన్‌ఫిట్ ఫర్ డ్యూటీ' అని రాస్తుంటారు, గట్టిగా ఉంటుందని. బొగ్గు కంపెనీలో ఆ మాట డాక్టరు వాడాల్సింది. మీ అంతట మీరు రాసుకుంటే, రేపు తీసుకొచ్చిన ఫిట్ కాగితం చూసి "నువ్వే అన్‌ఫిట్ అన్నవ్ గదా" అనే మనిషి దొరుకుతాడు. 'ఐ యామ్ నాట్ వెల్' చాలు. లేదంటే తెలుగులో 'జ్వరంతో ఉన్నాను' అని రాయండి, అంతకంటే స్పష్టమైనది లేదు.

ఇంగ్లండులో ఈ సిక్, ఫిట్ పంచాయితీని 2010లో ఒక మలుపు తిప్పారు. డాక్టరిచ్చే 'సిక్ నోట్'ను ఆ ఏడాది ఏప్రిల్‌లో తీసేసి దాని స్థానంలో 'ఫిట్ నోట్' తెచ్చారు. అందులో రెండే గళ్లు. ఒకటి పనికి ఫిట్ కాదు. రెండోది 'మే బీ ఫిట్', అంటే కొన్ని మార్పులు చేస్తే పనికి రావచ్చు. ఆ మార్పులేమిటో కూడా కాగితం మీదే ఉంటాయి: మెల్లగా పని గంటలు పెంచుతూ పోవడం, పని వేళలు మార్చడం, పని మార్చడం, పనిచేసే చోట సౌకర్యం కల్పించడం. మన దగ్గర అలాంటి అచ్చు కాగితం లేదు గాని, డాక్టరును అడిగి రాయించుకునే దారి ఉంది. విరిగిన చెయ్యి అతుక్కున్నాక నేరుగా ఫిట్ రాస్తుంటే, "సార్, రెండు వారాలు లైట్ డ్యూటీ అని రాయండి" అని అడగండి. రాయకపోవచ్చు. కానీ అడగనిదే ఎలాగూ రాయరు. లైట్ డ్యూటీ అని నోటితో చెప్పి పంపితే దిగువన సూపర్‌వైజరుకు అది వినపడదు.

సర్ఫేస్ ఫిట్ దగ్గరికి వద్దాం. బాయి దిగలేడు గాని పైన పని చేయగలడు అని డాక్టర్లు తేల్చడం ఇది. ఈ ఒక్క మాటతో జీతం పట్టీలో కొన్ని గళ్లు ఖాళీ అవుతాయి. అండర్‌గ్రౌండ్ అలవెన్సు పోతుంది. లోపల పదిహేను పనిదినాలకు ఒక రోజు చొప్పున జమయ్యే సెలవు, పైన ఇరవైకి ఒకటి అవుతుంది. ఇచ్చిన 'సూటబుల్ జాబ్' ఏ కేటగిరీది, పాత బేసిక్ కాపాడతారా లేదా అన్నది ఆర్డరు చేతికి రాకముందే తెలుసుకోవాలి. ఆర్డరు తీసుకుని చేరిపోయాక మాట్లాడితే మీ గొంతులో పస ఉండదు.

ఈ సందర్భంలో ప్రతి కార్మికుడూ వినాల్సిన అంకె ఒకటుంది: గనుల చట్టం 1952లోని సెక్షన్ 9ఏ. వృత్తి ఆరోగ్య పరీక్షలో ఒక మనిషి తన పనికి అన్‌ఫిట్ అని తేలితే, చికిత్స ఖర్చు యాజమాన్యానిదే, ఆ కాలానికి జీతం పూర్తిగా ఇవ్వాలి. చికిత్స తర్వాత కూడా పాత పనికి సరిపోక, అది ఆ పని వల్లే వచ్చిందని నిర్ధారణ అయితే, సరిపోయే ఇంకో పని ఆ గనిలో చూపించాలి. వెంటనే లేకపోతే అశక్తత భత్యం ఇవ్వాలి. మానేస్తానంటే ఏకమొత్తంగా పరిహారం ఇవ్వాలి. బొగ్గు దుమ్ముతో వచ్చే న్యుమోకోనియోసిస్ ప్రభుత్వం నోటిఫై చేసిన జబ్బు. దాన్ని గుర్తించిన డాక్టరు గనుల ప్రధాన ఇన్‌స్పెక్టరుకు రాసి తెలపాలి. ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం 1923 కింద దానికి నష్టపరిహారమూ ఉండేది. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి, గనుల చట్టం వృత్తి భద్రత కోడ్‌లో, కాంపెన్సేషన్ చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. కాబట్టి ఆఫీసులో మాట్లాడేటప్పుడు "పాత 9ఏ ఇప్పుడు కోడ్‌లో ఎక్కడుంది సార్?" అని వెల్ఫేర్ ఆఫీసరును అడగండి. సెక్షన్ అంకె నోట ఉన్న మనిషికి జవాబు వేరేగా వస్తుంది.

అందుకే 'అన్‌ఫిట్' అన్న మాట వినగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, తాత్కాలికమా శాశ్వతమా? రెండోది, ఈ ఒక్క పనికా, అన్ని పనులకా? మూడోది, జబ్బుకు కారణం పనే అని రాశారా లేదా? ఈ మూడూ మూడు వేర్వేరు దారుల్లోకి తీసుకుపోతాయి. తీర్పు సరికాదనిపిస్తే అప్పీలు మెట్టు ఉంది, మైన్స్ రూల్స్‌లోనే అప్పీలేట్ మెడికల్ బోర్డు ఉంది. దానికి గడువుంటుంది కాబట్టి, కాగితం అందిన వారంలోపే అర్జీ రాసి, ఇచ్చినట్టు రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు ఇష్టం లేదు గాని చెప్పకుండా దాటేయలేను. లోకమంతా మనిషి ఫిట్‌గా ఉండాలని కోరుకుంటే, మన పట్టీలో యాభై దాటిన కార్మికుడు అన్‌ఫిట్ కావాలని కోరుకుంటాడు. నేషనల్ కోల్ వేజ్ అగ్రిమెంటులో 9.3.2 క్లాజు ప్రకారం కార్మికుడు చనిపోతే, 9.4.0 ప్రకారం శాశ్వతంగా అశక్తుడైతే, ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. 2016 చివర్లో వారసత్వ ఉద్యోగాలు మళ్లీ తెస్తున్నట్టు ప్రకటించారు, 2017 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. వైద్య కారణాల మీద కారుణ్య నియామకమే మిగిలిన దారి అయింది. అప్పటి నుంచి కొత్తగూడెం మెయిన్ హాస్పిటల్లో కూర్చునే మెడికల్ బోర్డు పేరు వింటే ఇళ్లలో దీపాలు పెట్టి దండం పెడుతున్నారు, నాన్నకు జబ్బు ఉందని తేలాలని. కొడుకు నౌకరీ కోసం తండ్రి తన ఒంట్లో రోగం వెతుక్కునే ఈ పరిస్థితి తెచ్చింది కార్మికుడు కాదు. బయట పని దొరక్క, చదివిన పిల్లవాడు ఇంట్లో కూర్చుంటే ఏ తండ్రి అయినా ఇదే చేస్తాడు.

ఆ ఆశ చుట్టూ దళారులు తిరుగుతుంటారు. "నీకెందుకే, బోర్డుల మనోళ్లున్నరు, అన్‌ఫిట్ చేయిస్త" అని లక్షల్లో బేరం పెడతారు. నిజంగా జబ్బున్న వాడి దగ్గర కూడా తీసుకుంటారు. ఎలాగూ అయ్యే పనికి తమ పేరు చెప్పి డబ్బు లాగడమే వాళ్ల వ్యాపారం. కాని పనికైతే డబ్బూ తిరిగి రాదు, అడిగే దిక్కూ ఉండదు. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాడికి మాత్రం రక్షణ ఉంది. తెలంగాణ ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064. నిజమైన జబ్బున్న వాడికి పనికొచ్చేది దళారి కాదు, పాత కాగితాల వరుస. ఎప్పటి నుంచి మందులు వాడుతున్నారు, ఏ ఏడాది పీఎంఈలో ఏం తేలింది, ఏ స్పెషలిస్టు ఏం రాశాడు అన్నది తేదీల వారీగా పేర్చిన ఫైలు. డాక్టరు అడిగిన ప్రశ్నకు నోటితో నిమిషం చెప్పేది, ఆ ఫైలు క్షణంలో చెప్తుంది. దగ్గుతూ, కుంటుతూ నటించే మనిషిని రోజూ చూసే డాక్టర్లు ఇట్టే పట్టేస్తారు. నటన మూలంగా నిజమైన జబ్బు మీద కూడా అనుమానం పడుతుంది.

అన్నిటికంటే చవకైన ఫిట్ ఇంకొకటుంది, దాని గురించి బోర్డులు కూర్చోవు. మాస్కు ఫిట్. డ్రిల్లరుకు, కోల్ కట్టరుకు, సీహెచ్‌పీ (కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు)లో క్రషర్ దగ్గర ఉండేవాళ్లకు దుమ్ము మాస్కు ఇస్తారు. అది గదమ కిందికి జారి వేలాడుతుంటే ఎంత మంచి కంపెనీదైనా లాభం లేదు. మాస్కు పెట్టుకుని ముక్కు మీది తీగను రెండు చేతుల వేళ్లతో నొక్కాలి, ఒక చేత్తో కాదు. రెండు పట్టీల్లో ఒకటి నడినెత్తి వెనక, ఒకటి మెడ వెనక ఉండాలి. తర్వాత రెండు అరచేతులూ మాస్కు మీద కప్పి గట్టిగా గాలి వదలండి. ముక్కు పక్కనో బుగ్గ పక్కనో గాలి తగిలితే దుమ్మూ ఆ దారినే లోపలికి పోతుంది, మళ్లీ సర్దుకోవాలి. గడ్డం పెరిగి ఉంటే మాస్కు చర్మానికి ఆనదు. కొండగట్టు మొక్కు ఉందని గడ్డం పెంచే తమ్ముళ్లు ఆ రోజుల్లోనైనా దుమ్ము తక్కువ ఉండే చోట పని అడిగి చూడండి, అంజన్న ఏమీ అనుకోడు. నీళ్లు కొట్టకుండా పొడిగా డ్రిల్లు వేయమంటే, నీళ్ల పైపు ఏదని అడగండి. ఇరవై ఏళ్ల తర్వాత ఫిట్ అన్న ముద్ర పడుతుందా లేదా అన్నది ఆ పైపు దగ్గరే తేలుతుంది.

చివరగా, బాయి వదిలి హైదరాబాద్ దారి పట్టిన పిల్లల గురించి రెండు మాటలు. ఇంటర్వ్యూ అయ్యాక 'యూ ఆర్ నాట్ ది రైట్ ఫిట్' అని మెయిల్ వస్తే, గోదావరిఖనిలో పెరిగినవాడికి గుండె దడ పుడుతుంది. మన దగ్గర అన్‌ఫిట్ అంటే ఒళ్లు పోయినట్టే కదా. హెచ్ఆర్ వాళ్ల భాషలో అది ఒంటి సంగతీ కాదు, తెలివి సంగతీ కాదు. మాకు కావలసిన పనికి, మీరు చేసిన పనికి పొంతన కుదరలేదు అని మర్యాదగా చెప్పడం. కొన్నిసార్లు అసలు కారణం దాచడానికి కూడా అదే మాట వాడతారు. కుంగిపోకుండా, ఏ నైపుణ్యం తక్కువైందో చెప్పగలరా అని ఒక వాక్యం తిరిగి రాయండి. కొందరైనా జవాబిస్తారు. మీ దరఖాస్తులో మాత్రం 'ఐ యామ్ ఫిట్ ఫర్ దిస్ జాబ్' అని రాయకండి. అది కసరత్తు చేసిన మనిషి చెప్పినట్టుంటుంది. 'సూటబుల్' అనండి, ఎందుకు సరిపోతారో వెంటనే ఒక ఉదాహరణ ఇవ్వండి.

ఈ ఆదివారం ప్లే డే (వారపు సెలవు రోజు) డ్యూటీ పడకపోతే, బీరువాలో ఆసుపత్రి కాగితాలున్న సంచీ ఒకసారి దులపండి. చివరి పీఎంఈ తేదీ చూడండి. అయిదేళ్లు దాటి ఉంటే, సోమవారం టైమ్ ఆఫీసులో పిలుపు కోసం రాతపూర్వకంగా అడగండి. కాంట్రాక్టు డ్యూటీ చేసే తమ్ముడో మేనల్లుడో ఇంట్లో ఉంటే, వాళ్ల ఫామ్ ఓ ఎక్కడుందో కూడా అదే రోజు కనుక్కోండి.